వేరుసెనగ పడనివారికొక విత్తనము

"పడదు" అను మాట మన భాషలో మిక్కిలి విశాలమైనది. వంకాయ తిన్నంతనే గొంతు దురదపెట్టువాడును పడదనును. పాలు త్రాగిన కడుపుబ్బరించువాడును పడదనును. కాకరకాయ కూరను తప్పించుకొనగోరు పిల్లవాడును ఆ మాటనే యాశ్రయించును. వైద్యులు ఎలర్జీ యని పిలుచునది వీనిలో నొక్కటి మాత్రమే. శరీరరక్షణకై యేర్పడిన బలగము ఆహారమందలి యొకానొక మాంసకృత్తును శత్రువని భ్రమించి దానిపై విజృంభించుటయే యీ వ్యాధి స్వరూపము. పాలలోని చక్కెర జీర్ణము కాకుండుట వేరు. గోధుమలోని గ్లూటెనువలన ప్రేవుల లోపొర క్షీణించు సీలియాక్ వ్యాధి వేరు. ఈ మూడింటిని ఒకే మాటతో కట్టివేయుటవలన వంటయింట నష్టము లేకపోవచ్చును. విత్తనమునే మార్చబూనిన చోట మాత్రము ఆ యస్పష్టత ప్రమాదకరము. "పడనివారికి మంచిది" అని యొక సంచిపై నచ్చువేసినచో, ఎవరికి, ఏది పడనివారికి, ఎంతవరకు అని అడుగుటకు ప్రజలకు హక్కు కలదు.

ఆ ప్రయత్నము ఇప్పుడు మన వాకిటికే వచ్చినది. హైదరాబాదు చెంత పటాన్‌చెరులో 1972లో నెలకొల్పబడి, ఇక్రిశాట్ అను పేర ప్రసిద్ధమైన అంతర్జాతీయ పరిశోధనసంస్థలోని శాస్త్రజ్ఞులు తమ వేరుసెనగ భాండారమునుండి సుమారు రెండువందల రకముల నేరి, రెండు పంటకాలములు పండించి, ఎలర్జీని రేపు ఐదు ముఖ్యమాంసకృత్తులు ఏ రకమున నెంతెంత యున్నవో కొలిచి, ఆ ఫలితములను 2019లో ప్రకటించిరి. రకమునకును రకమునకును గొప్ప భేదము కలదనియు, ఈ మాంసకృత్తులలో ఒకటి రెండు మిక్కిలి తక్కువగా గల రకములు ఆ భాండారముననే యున్నవనియు తేలినది. ఈ వార్త రాయలసీమ రైతుల చెవిని బడినట్లు మాకు తోపలేదు. మన శాసనసభలలో నెవరైనను దీనినిగూర్చి ప్రశ్నించినట్లును మేమెరుగము. వేరుసెనగ మన మెట్టపొలముల బ్రదుకు. దాని గింజలో నేమి యుండవలెనో, ఏమి యుండరాదో నిర్ణయించు కార్యము మనకు తెలియకయే జరిగిపోరాదని మా తలంపు.

కోస్తాలో వేరుసెనగ, తెలంగాణమున పల్లి, సీమలో బుడ్డ. పేర్లెన్ని యున్నను ఈ పంట మనదిగా పుట్టినది కాదు. దక్షిణ అమెరికాఖండమున రెండు అడవిజాతులు తమంత తాము కలిసినందున నేర్పడిన సంకరజాతి యిది. సముద్రములు దాటి వచ్చి, వానలేని అనంతపురపు ఎర్రనేలలలో మరి యే పంటయు నిలువలేని చోట నిలిచి మనవారి పాలిట బంగారమైనది. 1940లో తిండివనము కేంద్రము వెలువరించిన టి.ఎం.వి.2 రకము దశాబ్దములకొలది సీమ చేలను ఏలినది. తరువాత కదిరి పరిశోధనకేంద్రము వెలువరించిన కదిరి-6, కదిరి లేపాక్షి మొదలగు రకములు వచ్చినవి. దిగుబడి, బెట్టను తట్టుకొను శక్తి, ఆకుమచ్చను ఓర్చుకొను గుణము, నూనెపాలు: ఇంతవరకు విత్తనమును ఎన్నిక చేయువారు చూచినవి ఇవియే. తినువాని శరీరమునకు గింజ యెట్లుండునను విచారము ఈ పట్టికలో కొత్తగా చేరుచున్నది. ఇది యసాధ్యమైన పని కాదు. నూనెలో ఓలియిక్ ఆమ్లము హెచ్చుగా గల గిర్నార్-4, గిర్నార్-5 రకములను జునాగఢము కేంద్రమును ఇక్రిశాట్‌ను కలిసి రూపొందింపగా, 2020 ప్రాంతమున అవి మన దేశపు రైతులకు విడుదలయైనవి. ఆ గుణమునకు మూలము అమెరికాలోని ఫ్లారిడాలో దొరకిన యొక సహజమైన మార్పు. దానిని 1987లో లోకమునకు తెలిపిరి. ఒక్క మొక్కలో కనబడిన మార్పు ముప్పదియేండ్లకు మన చేలకు చేరినది.

నూనెను మార్చుట కంటె మాంసకృత్తును మార్చుట కష్టతరము. గింజలో సగమునకు దగ్గరగా నూనెయు, నాలుగవవంతు మాంసకృత్తును ఉండును. ఈ మాంసకృత్తు ఒక్కటి కాదు, అనేకముల సమూహము. ఎలర్జీని రేపువానికి, మొక్క శాస్త్రీయనామమునుబట్టి, అరా హెచ్ 1, అరా హెచ్ 2 అని క్రమముగా పేర్లు పెట్టినారు. మొదటిదియు మూడవదియు గింజలో సమృద్ధిగా నుండునవి, మొలకకు తల్లిపాలవంటివి. రెండవదియు ఆరవదియు పరిమాణమున స్వల్పములు. కాని తీవ్రమైన ఎలర్జీ కల రోగులలో అధికభాగమునకు ప్రాణాంతకమగునవి ఈ స్వల్పములే. ఇవి చిన్న యణువులు. గంధకపు ముడులతో బిగింపబడియుండుటచే వేడికి విచ్చిపోవు, జఠరరసమునకు లొంగవు, ప్రేవులవరకు చెక్కుచెదరక పోగలవు. వేపినయెడల కొన్ని మాంసకృత్తులు చక్కెరలతో కలిసి మరింత మొండివగునని ప్రయోగములు తెలుపుచున్నవి. ఉడికించినపుడు కొంతభాగము నీటిలోనికి దిగిపోవును. మన బస్సుస్టాండులలో నమ్ము ఉడికిన కాయ వేపిన పప్పుకంటె కొంత మృదువైన దనుట నిజమే. అంతమాత్రమున అది వ్యాధిగ్రస్తునికి పెట్టదగిన దని యెవరును భ్రమపడరాదు.

మన గింజ రెండుజాతుల సంతానమగుటచే మరియొక చిక్కు కలదు. ప్రతి తండ్రినుండియు ప్రతి తల్లినుండియు వచ్చిన జీనులు రెండును గింజలో పనిచేయుచుండును. ఒకదానిని తొలగించినను రెండవది ఆ మాంసకృత్తును తయారుచేయుచునే యుండును. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయమువారు జీనుల నోరునొక్కు పద్ధతిచే అరా హెచ్ 2ను, 6ను ఒక్కసారిగా అణచి, ఆ గింజలకు రోగుల రక్తమందలి ప్రతిద్రవ్యములు తక్కువగా నంటుకొనుచున్నవని 2008లో ప్రకటించిరి. మొక్క మొలిచినది, పెరిగినది. ఐనను అట్టి వేరుసెనగ యేదియు అంగడికి వచ్చియుండలేదు.

ఏల రాలేదని యడుగువారు సోయాచిక్కుడు కథ వినవలెను. పసిబిడ్డల పాలపొడులలో సోయా చేరును గనుక దాని ఎలర్జీ అమెరికాలో పెద్ద సమస్యయైనది. 2003లో ఎలియట్ హెర్మన్ అను శాస్త్రజ్ఞుడు సోయాలోని పి34 అను ముఖ్యదోషకారిని జీనుమార్పుచే అణచివేసెను. ప్రయోగము ఫలించినది, కాని జీను మార్చిన విత్తనమును పసిపిల్లల యాహారమున చేర్చుటకు తల్లిదండ్రులును వర్తకులును సిద్ధపడలేదు. అప్పుడు శాస్త్రజ్ఞులు విత్తనభాండారములోని పదివేలకు పైబడిన సోయారకములను పరీక్షించి, పి34 దాదాపు లేని రకములను కొద్దింటిని కనుగొనిరి. హెర్మన్‌ను మోనికా స్మిడ్ట్‌ను అరిజోనా విశ్వవిద్యాలయమునందు ఆ రకమును, జీర్ణశక్తికి అడ్డుపడు మరి రెండు మాంసకృత్తులు లేని రకములతో కలిపి, ఇంచుమించు పదియేండ్లు సంకరము చేసి, మూడును తగ్గిన సోయాను 2015లో లోకమునకు చూపిరి. చేతితో పుప్పొడి నద్దు పాత పద్ధతియే దానికి చాలినది. ఇంతచేసియు ఆ సోయా ఎలర్జీ లేని సోయా కాదు; తక్కిన దోషకారులు దానిలో నున్నవి. అట్లని దానిని చేసినవారే చెప్పుచున్నారు. ఆ నిజాయితీ మాకు ఆ విత్తనముకంటెను విలువైనదిగా తోచుచున్నది.

సోయాకే సంబంధించిన వెనుకటి వృత్తాంత మొకటి కలదు. సోయాలో మెథియోనిన్ అను పోషకద్రవ్యము తక్కువ. ఆ కొరతను తీర్చుటకు పయొనీర్ అను విత్తనసంస్థ బ్రెజిల్ గింజలోని యొక మాంసకృత్తును సోయాలో ప్రవేశపెట్టినది. ఉద్దేశము మంచిదే. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమువారు బ్రెజిల్ గింజ పడని తొమ్మండుగురి రక్తరసముతో పరీక్షింపగా, ఎనమండుగురి రక్తరసము ఈ కొత్త సోయాను పట్టుకొన్నది. ఆ ఫలితము 1996లో వెలువడినది. విత్తనము అంగడికి రాకయే ఆగిపోయినది. మేలుచేయబోయి గింజలో కీడును చేర్చుట ఎంత తేలికయో, దానిని ముందుగా పట్టుకొనుటకు కొన్ని చుక్కల రక్తరసము ఎట్లు చాలునో ఈ యుదంతము తెలుపుచున్నది. ఈ రక్తరసము సంగతికి మరల వత్తుము.

ఇంతలో నొక యాక్షేపణ వినబడును. ఇది ధనికదేశముల జబ్బు. మనవారు తరతరములుగా పల్లీలు తినుచున్నారు. మన పిల్లలకేమి కాలేదు. వారి పిల్లలకొరకు మన విత్తనము నేల మార్చవలెను? ఈ యాక్షేపణలో సత్యాంశము లేకపోలేదు. కర్ణాటకమున పాఠశాలల బాలబాలికలను పరీక్షించిన యంతర్జాతీయ బృందము, రక్తమున ఆహారప్రతిద్రవ్యములు కనబడువారు పలువురున్నను, నిజముగా ఎలర్జీ కలవారు వెయ్యింటికి ఇద్దరికంటె తక్కువ యని తేల్చినది. ఇజ్రాయెలులో శైశవముననే వేరుసెనగ తినిపింపబడు యూదుబాలురకంటె, దానిని దూరముగా నుంచు ఇంగ్లండులోని యూదుబాలురకు ఈ వ్యాధి పదింతలు హెచ్చుగా నుండుట 2008లో బయటపడినది. దానిపై లండనులో 640 మంది శిశువులతో జరిగిన పరీక్ష 2015లో ముగిసినది: ఐదేండ్ల ప్రాయమున, వేరుసెనగకు దూరముగా పెరిగినవారిలో నూటికి 17.2 మందికిని, తొలినుండి తినినవారిలో 3.2 మందికిని మాత్రమే ఎలర్జీ కనబడెను. అమ్మమ్మలు తమ నోట నమిలి బిడ్డనోట పెట్టిన ముద్దకు శాస్త్రము ఇంతకాలమునకు ఒకవిధముగా సాక్ష్యము పలికినదని గర్వపడువారిని మేము వారింపము. నమిలి పెట్టుమని మాత్రము చెప్పము, గింజను గింజగా పసివాని నోట పెట్టుమనియు చెప్పము. అది గొంతున నడ్డుపడును.

కాని యల్పసంఖ్య యనగా శూన్యము కాదు. వెయ్యింటికొక్కరైనను మన రెండు రాష్ట్రముల బాలబాలికలలో వారు వేలమంది యగుదురు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమున వేరుసెనగ చిక్కిని చేర్చినది. బక్కచిక్కిన పిల్లల కది మంచి యాహారము. దానిని మేము మెచ్చుకొనుచున్నాము. ఐనను ఆ వరుసలో కూర్చున్న యే పిల్లవానికి అది పడదో ఉపాధ్యాయుని కెట్లు తెలియును? మన వంటలో వేరుసెనగ కనబడని చోటులే హెచ్చు. బగారా బైంగన్‌లో, మిర్చీ కా సాలన్‌లో, గుత్తివంకాయలో అది నూరిన ముద్దగా దాగియుండును. జీడిపప్పు బదులుగా పల్లీపొడి కలిపిన మిఠాయిలు ఎరుగనివారెవరు? బాగుగా శుద్ధిచేసిన నూనెలో మాంసకృత్తు దాదాపు మిగులదు. ఇప్పుడు మరల నాగరకమైన గానుగనూనెలో మాత్రము మిగులును. అమెరికాకును ఆస్ట్రేలియాకును పోయిన మనవారి బిడ్డలు అచ్చటి పిల్లలవలెనే ఈ వ్యాధి పాలగుచుండుట ఆ కుటుంబము లెరిగినదే. వ్యాధి మన రక్తమున లేదను ధైర్యమునకు ఆధారము లేదు. మన యలవాట్లు మారినకొలది అది పెరుగుట కవకాశము కలదు.

కావున తక్కువ దోషము గల విత్తనము కోరదగినదే. ఐతే అది దేనికి పనికివచ్చునో ఒక చిన్న లెక్క వేసి చూడవలెను. ఒక పప్పుగింజలో సుమారు 200 మిల్లీగ్రాముల మాంసకృత్తు ఉండును. కొందరు రోగులకు కొద్ది మిల్లీగ్రాములు చాలును, పెదవులు వాచుటకు, ఊపిరి యాడకుండుటకు. దోషకారులలో పదింట తొమ్మిదిపాళ్లు పోయినదనుకొందము. అప్పటికిని ఒక్క గింజ మామూలు వేరుసెనగలోని 20 మిల్లీగ్రాములకు సమానముగా నుండును. ఆ రోగి దానిని తినరాదు. మరి లాభమేమి? తెలియక జరుగు పొరపాటు. గరిటెకంటిన చట్నీ, మిఠాయిలో కలిసిన పొడి, పక్కపిల్లవాడు పెట్టిన చిక్కిముక్క: వీనిలో నుండు కొలది మోతాదు పదవవంతునకు దిగినచో ఆసుపత్రికి పోవలసిన దినము ఒంటిమీది దద్దురులతో గడచిపోవచ్చును. ఈ ప్రయోజనము చిన్నది కాదు. కాని యిది విత్తనము ఊరంతట వ్యాపించినపుడు మాత్రమే సిద్ధించును. రోగికొరకు వేరుగా పండించి డబ్బాలో నమ్మినపుడు సిద్ధింపదు. డబ్బాపై "ఎలర్జీ లేనిది" అని వ్రాసినచో అది ప్రాణము తీయు నసత్యమగును.

ఇచ్చటనే రైతు ప్రశ్న వచ్చుచున్నది. ఊరంతట వ్యాపింపవలెనన్నచో, ప్రతి రైతును తన పాత రకమును విడిచి దీనిని విత్తవలెను. ఏమి యాశించి విత్తును? ఎలర్జీ తగ్గిన గింజకు ఆదోని యార్డులోగాని గద్వాల యార్డులోగాని దలాలి యొక రూపాయి హెచ్చు వేయడు. మొక్క తన గింజలో ఈ మాంసకృత్తులను ఊరక దాచుకొనలేదు. వానిలో కొన్నిటికి పురుగు కడుపులోని జీర్ణరసమును కట్టివేయు శక్తియు, బూజును అరికట్టు శక్తియు కలవని శాస్త్రజ్ఞు లనుమానించుచు వచ్చిరి. మన ప్రాంతమున ఈ యనుమానము పుస్తకములలోని ముచ్చట కాదు. కోతకు ముందు బెట్ట తగిలిన చేలలో గింజకు పట్టు ఆస్పర్‌జిల్లస్ బూజు, అది విడుచు అఫ్లటాక్సిన్ విషము మన యెగుమతులను ఓడరేవులనుండి వెనుకకు త్రిప్పివేసిన చరిత్ర కలది. అది కాలేయమునకు రాచపుండు తెచ్చునది. ఒక విషమును తగ్గింపబోయి మరియొక విషమునకు తలుపు తెరచినచో ఆ శ్రమ యెవరికి? జార్జియావారి 2008 పరిశోధనలో, 2వ, 6వ మాంసకృత్తులు తగ్గిన గింజలపై ఆ బూజు హెచ్చుగా పెరుగలేదని తేలుట కొంత యూరట. అది ప్రయోగశాలలోని మాట. కల్యాణదుర్గము చెరువుక్రింద కాదు, వాన కురియని చేనిలో, సెప్టెంబరు ఎండలో ఏమగునో కదిరి కేంద్రమువారు చూచి చెప్పవలెను. చెప్పునంతవరకు రైతునకు దీనిని అంటగట్టరాదు.

ఇక కల్తీమాట. వేరుసెనగ చాలవరకు తనలో తాను ఫలదీకరించుకొను పంట. తేనెటీగలవలన జరుగు పరసంకరము మిక్కిలి స్వల్పము. కనుక చేనిలో రకము చెడిపోవునను భయము తక్కువ. చెడునది కల్లములోను, యార్డులోను, కాయ నొలుచు మిల్లులోను. అచ్చట పది యూళ్ల కాయలు ఒకే గుట్టలో పడును. అమెరికాలో స్టార్‌లింక్ అను మొక్కజొన్నకు, ఎలర్జీకారి కాదని నిశ్చయింపజాలనందున, పశువుల మేతకు మాత్రమే యనుమతి నిచ్చియుండిరి. 2000 సంవత్సరమున అది మనుష్యులు తిను పదార్థములలో కనబడెను. అంగళ్లనుండి వందలకొలది సరకులను వెనుకకు తెప్పించిరి. తిని జబ్బుపడితిమన్నవారి రక్తమును పరీక్షించి, దానివలననే యనుటకు సాక్ష్యము లేదని ప్రభుత్వశాఖ తేల్చినను, నమ్మకము పోనే పోయినది. గోదాములును గిడ్డంగులును వేలకోట్లతో నడచు దేశముననే రెండు జొన్నలను వేరుగా నుంచజాలకపోయినపుడు, మన యార్డులను నమ్ముకొని యెవరు ప్రాణమును పణమొడ్డుదురు?

దీనికి మాకు తోచిన యుపాయ మొకటి సూచించుచున్నాము. నిపుణులు తప్పయినచో త్రోసివేయుదురు గాక. వేరుసెనగ పప్పుపొట్టు గులాబివన్నెలోనే యుండవలెనను నియమము లేదు. ఎరుపు, తెలుపు, ఊదా, నలుపు పొట్టులు గల రకములు భాండారములలో నున్నవి. దోషము తగ్గించిన రకమును ఇట్టి వేరైన వన్నెతో జోడించి పెంచినచో, చదువురాని కూలియు యార్డులో దానిని గుర్తింపగలడు. గులాబిపప్పు కలిసినచో వెంటనే కంటబడును. పొట్టు తీసి పొడిచేసిన తరువాత ఈ గుర్తు నిలువదనుట నిజమే. అక్కడనుండి చీటీయే శరణ్యము.

చీటీలనుగూర్చి రెండు మాటలు. మన దేశపు ఆహారప్రమాణసంస్థ 2020లో చేసిన నియమములు గ్లూటెన్ గల ధాన్యములు, రొయ్యజాతి, పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగ, చెట్లగింజలు, సోయా మొదలగువానిని సంచిపై తెలుపవలెనని శాసించినవి. ఇది చాలవరకు ఇతరదేశముల పట్టిక. మన వైద్యులు మన రోగులలో చూచుచుండు సెనగ దీనిలో లేదు. వంకాయమాట చెప్పనే యక్కరలేదు. సంచిలేని మిఠాయికొట్టునకు, హోటలునకు ఈ నియమము ఏమాత్రము తగులుచున్నదో పాఠకులకే తెలియును.

ఇప్పుడు స్వామ్యము. ఎకరమునకు 60, 70 కిలోల పప్పు విత్తవలసిన పంట యిది. విత్తినదానికి పదింతలు వచ్చుటయే గొప్ప. రైతు తన గింజనే మరల విత్తుకొనును. 2001 నాటి వృక్షరకముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టము ఆ హక్కును అతనికి స్పష్టముగా నిచ్చినది: దాచుకొనవచ్చును, విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, ముద్ర వేయకుండ అమ్ముకొనవచ్చును. అందుచేతనే పెద్ద విత్తనవర్తకులకు వేరుసెనగపై మక్కువ తక్కువ. వారు ఎలర్జీ తగ్గిన గింజను చేపట్టినచో, ఒప్పందముపై పండించి, తామే కొని, మూతవేసిన డబ్బాలో ధనికదేశములకు పంపుదురు. మన బడిలో చిక్కి తిను పిల్లవానికి దానితో సంబంధ ముండదు. పని మన ప్రభుత్వకేంద్రములలో జరుగవలెనని మేము పట్టుపట్టుట కిదియే కారణము.

జీనులను కత్తిరించు నూతనపద్ధతినిగూర్చి కొందరు తొందరపడుచున్నారు. బయటి జీను చేర్చని కొన్ని మార్పులను కఠిననిబంధనలనుండి కేంద్రప్రభుత్వము 2022లో తప్పించినది. హైదరాబాదులోని వరిపరిశోధనసంస్థ మన బాపట్ల బిడ్డయైన సాంబమసూరిని ఈ పద్ధతిచే మార్చి రూపొందించిన కమల అను రకమును 2025 మే నెలలో ప్రకటించిరి. స్పెయినులో గోధుమలోని గ్లయడిన్ జీనులు నలుబదియైదింట ముప్పదియైదింటిని ఈ రీతిగనే దెబ్బతీసినట్లు 2018లో వెలువడినది. వేరుసెనగలో రెండేసి జతలుగా నున్న జీనులను ఒక్కసారిగా తీసివేయుటకు ఇంతకంటె చక్కని సాధనము లేదని మేమును ఒప్పుకొందుము. కాని యా కత్తెరపై పేటెంటులు విదేశముల చేతనున్నవి. పటాన్‌చెరు భాండారమున పదునైదువేలకు పైబడిన వేరుసెనగ రకము లున్నవి. వానిలో కొలిచి చూచినవి రెండువందలలోపు. ఇంటిలోని గాదెను వెదకకుండ పొరుగింటికి అప్పునకు పోవుట మనకు తగదు. మిగిలినవానిని కొలుచుట మొదట జరుగవలెను. వెదకిన పిమ్మట దొరకనిచో కత్తెర పట్టుటకు మాకు అభ్యంతరము లేదు.

కొలుచుటకు ముందు ఏమి కొలువవలెనో తెలియవలెను గదా! ఇచ్చటనే రక్తరసము సంగతి మరల వచ్చుచున్నది. మూడు దేశముల వేరుసెనగ రోగులను పోల్చి 2011లో ప్రకటించిన యొక పరిశోధనలో వింత యొకటి బయటపడినది. అమెరికావారికి 1, 2, 3 సంఖ్యల మాంసకృత్తులు ముఖ్యశత్రువులు. స్పెయినువారిలో పెక్కురకు 9వది. స్వీడనువారిలో, బర్చ్ చెట్ల పుప్పొడి కారణమున, 8వది. గింజ యొకటే, పగ వేరు. అట్లగుచో ఆంధ్రదేశపు రోగికి, తెలంగాణపు రోగికి ఏ మాంసకృత్తు పడదు? జార్జియాలో అణచిన రెండే మనకును కీలకములా? అమెరికారోగుల రక్తముతో తూచిన "మంచి గింజ" మన పిల్లవానికి మామూలు గింజవలెనే యుండవచ్చును.

మన రెండు రాష్ట్రములలోని ప్రభుత్వ వైద్యకళాశాలలకు వేరుసెనగ తిని వాపుతోను ఆయాసముతోను వచ్చిన రోగుల నుండి, వారి సమ్మతితో, కొద్ది మిల్లీలీటర్ల రక్తరసము తీసి శీతలపేటికలలో భద్రపరచుటకు పెద్ద ధన మక్కరలేదు. వ్యయము పరిశోధనాశాఖలు జిల్లాకు కొనిపెట్టు కార్లలో నొకదానికి మించదు. ఆ సీసాలు పటాన్‌చెరు చేరిన పిదపగదా భాండారములోని యే రకము మనకు తల్లి కాదగినదో తెలియుట! ఆపైన కదిరిలోను జగిత్యాలలోను సంకరము మొదలైనను, కొత్త రకము రైతుచేతికి వచ్చుటకు ఎనిమిది పది యేండ్లు పట్టును. ఈ లోపల ప్రతి ప్రాథమికారోగ్యకేంద్రమునను ఎడ్రినలిన్ సూదిమందు నిలువయుండునట్లును, చిక్కి పంచు ప్రతి బడిలో ఉపాధ్యాయుడు పెదవుల వాపును, ఊపిరి యెగశ్వాసను గుర్తించునట్లును చేయుటకు ఏ విత్తనమునకును ఎదురుచూడ నక్కరలేదు. బడులు జూనులో తెరువబడును. ఖరీఫు విత్తనమును ఆ నెలలోనే నేలపాలగును.